డీఏఆర్ నుంచి కలోనియల్ డేమ్స్ దాకా: అమెరికా మహిళా వంశ సంఘంలో చేరే దారి

అమెరికా పౌరసత్వ ప్రమాణం చేసి హాల్లోంచి బయటికి వస్తుంటే, కొన్ని ఊళ్లలో రిబ్బను మీద వరసగా పతకాలు పెట్టుకున్న ఆడవాళ్లు ఎదురొచ్చి చేతిలో చిన్న జెండా పెట్టి అభినందిస్తారు. వాళ్లు డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్, క్లుప్తంగా డీఏఆర్, సభ్యులు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి తోడ్పడినవాళ్ల సంతతి ఆడవాళ్ల సంఘం అది. కొత్త పౌరుల కోసం ఆ సంఘం 1921 నుంచి ఒక చిన్న పుస్తకం కూడా అచ్చువేస్తూ వస్తోంది. మనవాళ్లలో చాలామందికి ఈ సంఘంతో పరిచయం అక్కడితో సరి.

ఈమధ్య తెలుగు ఇళ్లలో ఇంకో రకం పరిచయం మొదలైంది. అబ్బాయి పెన్సిల్వేనియా అమ్మాయిని చేసుకుంటాడు. మాటల సందర్భంలో వియ్యపురాలు తన తల్లి, వలస కాలపు పూర్వీకులున్న ఆడవాళ్ల సంఘమైన కలోనియల్ డేమ్స్ సభ్యురాలని చెబుతుంది. ఆ దంపతుల పిల్ల కాలేజీకొచ్చే వయసుకి తనకీ చేరాలని పుడుతుంది. కౌంటీ ఆఫీసులకు ఉత్తరాలు రాయడం, సర్టిఫికెట్లు తెప్పించడం, ఫైలు కట్టడం మాత్రం రిటైరైన తాతగారి మీదో నానమ్మ మీదో పడుతుంది. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను.

అర్హత ఎవరికి

ఈ సంఘాలన్నిటికీ రక్తసంబంధమే ఆధారం. పెళ్లితో అర్హత రాదు. దత్తతతోనూ రాదు, దత్తత వెళ్లినవాళ్లు కన్న తల్లిదండ్రుల వైపు నుంచే చూపించుకోవాలి. కాబట్టి అమెరికన్ కోడలికి అర్హత ఉండొచ్చు, ఆమె కన్న మీ మనవరాలికి ఉండొచ్చు, మీకు ఉండదు. మనవరాలు సగం తెలుగు అన్నది అడ్డే కాదు. పూర్వీకుణ్ణించి దిగివచ్చిన గీత తండ్రుల మీదుగానే రావాలన్న నియమమూ లేదు: తల్లి, ఆమె తండ్రి, అతని తల్లి, ఆమె తల్లి, ఇలా ఎటు తిరిగినా పరవాలేదు.

ఆ వెసులుబాటు చిన్నదేమీ కాదు. పది తరాలు వెనక్కి వెళితే ఒక మనిషికి 1,024 పూర్వీకుల స్థానాలుంటాయి. వాటిలో ఒక్కరు దొరికితే చాలు. అయితే ఆ ఒక్కరి నుంచి మీ పిల్ల దాకా ప్రతి తరానికీ, ఫలానావాడి బిడ్డ ఫలానా అని కాగితం మీద తేలాలి. మనం ప్రవర చెప్పేటప్పుడు ఋషుల పేర్లు, గోత్రం చెప్పి నమస్కరిస్తాం, మధ్య తరాల సంగతి ఎవరూ అడగరు. ఇక్కడ అడిగేదంతా ఆ మధ్యలోదే. వంశం ఎంత గొప్పదన్నది ఎవరికీ పట్టదు. గొలుసులో ఒక్క లింకు తెగినా దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది.

ఏ సంఘంలో చేరాలి

పేర్లు ఒకేలా ఉంటాయి కాబట్టి చాలామంది తికమకపడతారు. డీఏఆర్ 1890లో వాషింగ్టన్‌లో పుట్టింది. అప్పటి అధ్యక్షుడి భార్య కరోలిన్ హారిసన్ దాని మొదటి జాతీయ అధ్యక్షురాలు. అది చూసేది స్వాతంత్ర్య యుద్ధ కాలం: 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్ దగ్గర పోరు మొదలైన రోజు నుంచి 1783 నవంబర్ 26 వరకు. 18 నిండిన స్త్రీ ఎవరైనా అర్హత చూపించి దరఖాస్తు చేసుకోవచ్చు. దేశమంతా కలిపి సుమారు మూడు వేల చాప్టర్లు, అంటే స్థానిక శాఖలు, ఉన్నాయి, అంటే మీకు దగ్గర్లో ఒకటి ఉండే అవకాశం ఎక్కువ.

వలస కాలాన్ని, అంటే స్వాతంత్ర్యానికి ముందు ఇంగ్లండ్ కాలనీలుగా ఉన్న రోజుల్ని, పట్టుకున్న సంఘాలు వేరే ఉన్నాయి. ది కలోనియల్ డేమ్స్ ఆఫ్ అమెరికా 1890లో న్యూయార్క్‌లో మొదలైంది. మరుసటి ఏడు పుట్టిన నేషనల్ సొసైటీ ఆఫ్ ది కలోనియల్ డేమ్స్ ఆఫ్ అమెరికా పూర్తిగా వేరే సంస్థ. దాని ప్రధాన కార్యాలయం వాషింగ్టన్ జార్జ్‌టౌన్‌లోని డంబార్టన్ హౌస్. 1750కి ముందే ఏదో ఒక కాలనీలో స్థిరపడి, స్వాతంత్ర్య ప్రకటనకు ముందు ఆ కాలనీకి సేవ చేసినవాడు పూర్వీకుడై ఉండాలన్నది దాని నియమం. 1915లో పుట్టిన కలోనియల్ డేమ్స్ సెవెంటీన్త్ సెంచురీ అయితే ఇంకా వెనక్కి పొమ్మంటుంది: పూర్వీకుడు 1701కి ముందే కాలనీల్లో బతికి సేవ చేసి ఉండాలి. డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ కాలనిస్ట్స్ 1776 జూలై 4కు ముందటి సేవను చూస్తుంది.

డీఏఆర్‌కూ కలోనియల్ డేమ్స్ సంఘాలకూ అసలు తేడా ఇంకొకటి. డేమ్స్‌లో అర్హత ఉన్నంత మాత్రాన చేరలేరు, సభ్యుల ఆహ్వానం రావాలి. అందుకే, కోరిక డేమ్స్ మీద ఉన్నా మొదట డీఏఆర్‌లో చేరమంటాను. అక్కడ తలుపు తెరిచే ఉంటుంది. వాళ్ల దగ్గర పరీక్షకు నిలిచిన కాగితాలు మీ చేతిలో ఉంటాయి. మిగతా సంఘాలు వాటిని పూర్తి రుజువుగా తీసుకోకపోయినా సగం పని అయిపోయినట్టే. పైగా ఒకే మహిళ రెండు మూడు సంఘాల్లో ఉండడం ఈ లోకంలో మామూలు. డీఏఆర్ చాప్టర్ సమావేశానికి వెళితే, పక్క కుర్చీలో కూర్చున్నావిడ కలోనియల్ డేమ్ అయి ఉండొచ్చు. ఆహ్వానాలు అలాగే వస్తాయి.

ఒక మినహాయింపు ఉంది. పిల్ల వంశంలో అందరూ ఇంగ్లండ్ రాజు పక్షాన నిలిచినవాళ్లే అయితే డీఏఆర్ దారి మూసుకున్నట్టే. ఆ రాజభక్తుడే, లేదా అతని తండ్రి, యుద్ధానికి ముందు కాలనీ సభలోనో మిలిషియా అనే పౌర సైనిక దళంలోనో పనిచేసి ఉంటే కలోనియల్ సంఘాలకు ఆ సేవ పనికొస్తుంది. అలాంటప్పుడు నేరుగా వాటినే పట్టుకోవాలి.

మొదటి మూడు తరాలు: తేలిక అనుకునే చోటే చిక్కు

పని ఎప్పుడూ పిల్ల దగ్గర మొదలై వెనక్కి నడవాలి. 1620లో వలసదారుల్ని తెచ్చిన మేఫ్లవర్ ఓడలో వచ్చిన పెద్దమనిషి పేరు పట్టుకుని కిందికి దిగుదామనుకుంటే కొన్ని వేలమంది సంతానంలో తప్పిపోతారు.

దరఖాస్తుదారు, ఆమె తల్లిదండ్రులు, తల్లి వైపు తాత అమ్మమ్మలు: ఈ మూడు తరాలకూ ప్రభుత్వం ఇచ్చిన జనన, వివాహ, మరణ ధ్రువపత్రాలు ఉండాలి. బర్త్ సర్టిఫికెట్లలో పొట్టి రకం, పొడుగు రకం అని రెండుంటాయి. తల్లిదండ్రుల పేర్లు లేని పొట్టి రకం ఇక్కడ పనికిరాదు, లాంగ్ ఫారమే అడిగి తెప్పించుకోవాలి. చాలా రాష్ట్రాల్లో ఈ కాగితాలు ఎవరికి పడితే వాళ్లకివ్వరు. అర్జీ మీద సంతకం పిల్లదో కోడలిదో ఉండాలి, మీది చెల్లకపోవచ్చు.

తెలుగు ఇంటి చిక్కులు ఇక్కడే వస్తాయి. పిల్ల బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా ఉంటుంది, పెళ్లి కాగితంలో ఇనీషియల్స్‌తో ఉంటుంది, పౌరసత్వ పత్రంలో ముందువెనకలై ఉంటుంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడినందువల్ల వీసా మీద ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడ్డవాళ్లకు ఈ బాధ కొత్త కాదు. వంశగీత తల్లి వైపు నుంచి వెళుతున్నప్పుడు తండ్రి పూర్వీకుల రుజువు ఎవరూ అడగరు. కానీ ఈ పేర్లన్నీ ఒక్క మనిషివేనని తేలకపోతే, పిల్ల తల్లిదండ్రులు ఫలానా అన్న మొదటి లింకులోనే సందేహం మొదలవుతుంది. పేరు మార్పు పత్రం ఉంటే జతచేయండి. లేకపోతే రెండు రూపాలూ కలిసి ఉన్న కాగితం ఒకటి వెతకండి.

పెళ్లి సంగతీ అంతే. గుళ్లో పంతులుగారు చేయించిన పెళ్లి ఎంత ఘనంగా జరిగినా, ఇక్కడ లెక్కకొచ్చేది కౌంటీ ఇచ్చిన లైసెన్సు, దానిమీద సంతకాలతో నమోదైన పత్రం. శుభలేఖ, ఆల్బమ్ చాలవు. ఇండియాలో చేసుకుని ఉంటే, అమ్మాయి వేరే మతస్థురాలైతే సాధారణంగా 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్ట్రేషన్ జరిగి ఉంటుంది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఆ నకలు తెప్పించాలి. తెలుగులో ఉన్న ఏ కాగితానికైనా ఇంగ్లీషు అనువాదం జతచేసి పంపండి.

జనాభా లెక్కల మెట్లు

మూడు తరాలు దాటాక సర్టిఫికెట్లు పలచబడతాయి. మసాచుసెట్స్ 1841 నుంచే రాష్ట్రమంతా జనన మరణాలు రాసింది. పెన్సిల్వేనియా 1906 వరకు ఆగింది, సౌత్ కరోలినా 1915 వరకు. అంతకు ముందు ప్రధానంగా ఆధారపడేది పదేళ్లకోసారి తీసే సెన్సస్ మీద. వ్యక్తుల పేర్లున్న పట్టీలు 72 ఏళ్ల తర్వాతే బయటికొస్తాయి కాబట్టి ఇప్పటికి 1950 దాకా చూడొచ్చు.

ఏ సెన్సస్ ఏం చెబుతుందో గుర్తుపెట్టుకుంటే సగం శ్రమ తగ్గుతుంది. 1900 నాటి పట్టీలో పుట్టిన నెల, సంవత్సరం, పెళ్లయి ఎన్నేళ్లయింది, తల్లికి ఎంతమంది బిడ్డలు అన్నీ ఉంటాయి. 1890 పట్టీలు దాదాపుగా లేవు, 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో చాలావరకు పాడయ్యాయి. అందువల్ల 1880కీ 1900కీ మధ్య ఇరవై ఏళ్ల ఖాళీ. ఆ మధ్యలో పుట్టి పెళ్లి చేసుకుని వెళ్లిపోయిన ఆడపిల్ల ఎక్కడా కనపడకపోవచ్చు. ఇంటి యజమానికి ఎవరు ఏమవుతారో మొదటిసారి రాసింది 1880లో. ఇంట్లో బానిసలు తప్ప అందరి పేర్లూ మొదటిసారి రాసింది 1850లో, కానీ అప్పటికి వరసలు రాయలేదు. ఒకే కప్పు కింద ఉన్న పన్నెండేళ్ల పిల్ల కూతురో, తమ్ముడి కూతురో, పెంచుకున్నదో దాన్నిబట్టి చెప్పలేం.

ఈ పట్టీలన్నీ ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. యాన్సెస్ట్రీ అనే వెబ్‌సైట్‌కి డబ్బు కట్టేముందు మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో అడగండి, చాలా లైబ్రరీలు దాన్ని తమ కంప్యూటర్లలో ఊరికే చూడనిస్తాయి. అక్కడ ఎవరో కట్టిపెట్టిన వంశవృక్షాలు మాత్రం సూచనలే, రుజువులు కావు. ఒకరి తప్పు నుంచి వందమంది కాపీ కొట్టుకుని, ఆ వందమందీ ఒకరికొకరు సాక్ష్యం చెబుతుంటారు.

ముందే ఎవరైనా నిరూపించారా?

1850 దగ్గరికి చేరాక వెంటనే ముందుకు దూకకండి. డీఏఆర్ వెబ్‌సైట్‌లో వాళ్ల వంశ పరిశోధన వ్యవస్థ అందరికీ ఉచితంగా తెరిచి ఉంది. ఇంతవరకు ఆమోదం పొందిన దేశభక్తుల (అంటే యుద్ధకాలంలో సేవ చేశారని తేలిన పూర్వీకుల) పేర్లు, వాళ్ల సంతానం గీతలు అందులో ఉంటాయి. సంఘం పుట్టిన దగ్గర్నుంచి పది లక్షలకు పైగా మహిళలు చేరారు. మీ పిల్ల ముత్తమ్మమ్మ అన్నగారి మనవరాలు ఎప్పుడో చేరి ఉండే అవకాశం తక్కువేం కాదు. అలా దొరికితే ఆ పాత దరఖాస్తు నకలు కొనుక్కోవచ్చు. దానికీ మీకూ కలిసే తరం నుంచి ఇటువైపు మాత్రం మీరు నిరూపిస్తే సరిపోవచ్చు.

సంబరపడేముందు పేరు కింద ఉన్న గమనికలు చదవండి. కొన్ని చోట్ల ఇకపై చేరేవాళ్లు సేవను మళ్లీ నిరూపించాలని ఉంటుంది, కొన్ని చోట్ల ఈ సంతానం గీతలో లోపం ఉందని ఉంటుంది. వందేళ్ల కిందట నడివయసు సభ్యురాలు మా ఇంట్లో చెప్పుకుంటారు అని రాస్తే సరిపోయింది. ఇప్పుడు సరిపోదు. ఆ రోజుల్లో డబ్బు తీసుకుని వంశాలు అల్లిపెట్టినవాళ్లు కూడా ఉన్నారు. గుస్తావ్ ఆంజూ అనే ఆయన ధనిక కుటుంబాల కోసం లేని పూర్వీకుల్ని, లేని పత్రాల్ని సృష్టించి పెట్టాడు. అతని పేరు మీద ఉన్న వంశచరిత్ర ఏదైనా కనిపిస్తే పక్కన పడేయండి.

1790 నుంచి 1850: అసలు పరీక్ష

చాలామంది ఆగిపోయేది ఈ అరవై ఏళ్లలోనే. మొదటి సెన్సస్ 1790లో జరిగింది, కానీ 1840 దాకా పట్టీల్లో ఇంటి యజమాని పేరు మాత్రమే రాశారు. మిగతావాళ్లంతా వయసు గడుల్లో అంకెలు. జనం కూడా కుదురుగా లేరు. వర్జీనియా నుంచి కెంటకీకి, అక్కడినుంచి మిస్సోరికి బళ్లు కట్టుకుని కదులుతున్నారు. ఆడపిల్లలకు పెళ్లితో ఇంటిపేరు మారుతుంది, పాత పేరు ఎక్కడా రాయరు.

సెన్సస్ ఇవ్వలేనిది కౌంటీ కోర్టు ఇస్తుంది. మొదట వీలునామాలు. నా కూతురు ఫలానా, ఫలానావాడి భార్య అని ఒక్క వాక్యం దొరికితే రెండు తరాలు కలిసిపోతాయి. వీలునామా రాయకుండా పోయినవాళ్ల ఆస్తి పంపకాల కాగితాలు ఇంకా మేలు, వారసులందర్నీ పేరుపేరునా రాస్తారు. తర్వాత భూమి దస్తావేజులు. తండ్రి భూమిని అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ కలిసి అమ్మేటప్పుడు అల్లుళ్లు కూడా సంతకం పెడతారు. పొలం గొడవలు అక్కడా ఉన్నాయి కాబట్టి దావా కాగితాలు కూడా తిరగేయండి. వారసత్వం మీద కొట్టుకున్న కుటుంబం పరిశోధకుడికి వరం.

వీలునామాతోబాటు ఇంట్లో సామాను జాబితా ఉంటుంది. పేర్లు వెతికే తొందరలో దాన్ని దాటేయకండి. 18వ శతాబ్దపు జాబితాల్లో మంచాలు, ఇనుప కుండల మధ్య కాలికో, చింట్జ్ అని బట్టలు కనిపిస్తాయి. కోరమాండల్ తీరం నుంచి, మచిలీపట్నం చుట్టుపక్కల అద్దకాల నుంచి ఇంగ్లీషు కంపెనీ ఓడల్లో ఇలాంటి బట్టలు లండన్‌కి, అక్కడినుంచి కాలనీలకూ వెళ్లేవి. అవే జాబితాల్లో, ఆవుల లెక్క కింద, బానిసల పేర్లు వెలకట్టి రాసి ఉంటాయి. పిల్లకు ఆ పేజీ కూడా చూపించండి.

యుద్ధంలో పనిచేసినవాళ్ల పెన్షన్ ఫైళ్లు ఈ కాలంలో దొరికే పెద్ద నిధి. 1832 చట్టంతో ఆరు నెలలు పైన సేవ చేసినవాళ్లు కోర్టుకొచ్చి తమ కథంతా చెప్పుకున్నారు: ఎక్కడ పుట్టాను, ఎవరి కింద పనిచేశాను, ఏ నది దాటాను. 1836 తర్వాత వితంతువులు దరఖాస్తు చేసుకున్నారు. పెళ్లి రుజువుగా కొందరు ఇంటి బైబిల్లో పిల్లల పుట్టిన తేదీలు రాసుకున్న పేజీ చింపి జతచేశారు. ఆ పేజీ ఇప్పటికీ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటుంది. మీ వియ్యాలవారి ఇంట్లోనే అలాంటి బైబిల్ ఉంటే, తేదీలున్న పేజీతోపాటు అచ్చు సంవత్సరం కనపడే మొదటి పేజీనీ ఫొటో తీయండి. 1880లో అచ్చయిన బైబిల్లో 1790 నాటి జననం రాసి ఉంటే అది పుట్టినప్పుడే రాసింది కాదని పరీక్షకులు పట్టేస్తారు.

కొన్ని చోట్ల కాగితమే మిగల్లేదు. వర్జీనియాలో చాలా కౌంటీల రికార్డులు అంతర్యుద్ధంలో తగలబడ్డాయి. భద్రమని రాజధాని రిచ్‌మండ్‌కి పంపిన కొన్ని కౌంటీల పుస్తకాలు 1865 ఏప్రిల్‌లో ఆ నగరంతో పాటు కాలిపోయాయి. అలాంటప్పుడు పన్ను పట్టీలు, చర్చి పుస్తకాలు, పక్క కౌంటీ దస్తావేజులు కలిపి చూడాలి. ఏ ఒక్కటీ చెప్పని సంగతిని ఐదారు కాగితాలు కలిసి చెప్పగలవు. వాటిని ఎలా కలిపారో ఒక పేజీలో వాదనగా రాసి జతచేయాలి. డీఎన్ఏ పరీక్ష చేయించేస్తే పోలేదా అని అడుగుతారు. డీఏఆర్ 2014 నుంచి మగ గీతలో వచ్చే వై డీఎన్ఏని కొన్ని సందర్భాల్లో కాగితాలకు తోడుగా తీసుకుంటోంది. కాగితాల బదులుగా కాదు.

పదిహేడో శతాబ్దం

వింతేమిటంటే, ఈశాన్య అమెరికాలోని న్యూ ఇంగ్లండ్‌లో 1650 నాటి మనిషిని పట్టుకోవడం కెంటకీలో 1810 నాటి మనిషిని పట్టుకోవడం కంటే తేలిక. అక్కడి పట్టణాలు మొదటినుంచీ జననాలు, పెళ్లిళ్లు రాసుకున్నాయి. మసాచుసెట్స్ పట్టణాల 1850కి ముందటి రికార్డులు చాలావరకు అచ్చయ్యాయి. బోస్టన్‌లో 1845లో పుట్టిన న్యూ ఇంగ్లండ్ వంశచరిత్ర సంఘం 1620 నుంచి 1640 దాకా ఓడ దిగినవాళ్ల మీద ఏళ్ల తరబడి ఒక్కొక్కరుగా పరిశోధన చేసింది. మేఫ్లవర్ సంతతి మీదైతే మొదటి ఐదు తరాలు పుస్తకాలుగా వచ్చేశాయి.

ఇక్కడ జాగ్రత్తపడాల్సింది తేదీల దగ్గర. 1752 దాకా ఇంగ్లీషు కాలనీల్లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందుకే జనవరి నుంచి మార్చి దాకా తేదీలకు రెండు సంవత్సరాలు కలిపి రాయడం కనిపిస్తుంది. జార్జ్ వాషింగ్టన్ పుట్టినప్పుడు రాసుకున్న తేదీ 1731 ఫిబ్రవరి 11, ఇప్పటి లెక్కలో అది 1732 ఫిబ్రవరి 22. 1701కి ముందు అన్న నియమం ఉన్న సంఘానికి, 1700 ఫిబ్రవరిలో మిలిషియా పట్టీలో ఉన్నాడని చూపిస్తే చిక్కొస్తుంది: పాత పుస్తకంలో 1700 అంటే మన లెక్కలో 1701 కావచ్చు. క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ల రికార్డుల్లో నెలలకు పేర్లకు బదులు అంకెలుంటాయి, వాళ్ల మొదటి నెల 1752కి ముందు మార్చి.

సీనియర్, జూనియర్ అన్నవి కూడా మోసం చేస్తాయి. ఒకే ఊళ్లో ఒకే పేరుతో ఇద్దరుంటే పెద్దవాణ్ణి సీనియర్ అన్నారు. వాళ్లు మేనమామ మేనల్లుళ్లు కావచ్చు, ఏ సంబంధమూ లేనివాళ్లూ కావచ్చు. పెద్దవాడు చనిపోగానే నిన్నటి జూనియర్ ఇవాళ సీనియర్ అవుతాడు. ఎవరికి ఏ భూమి, ఎవరికి ఏ భార్య అని ఇద్దరికీ విడివిడిగా పట్టిక రాసుకుంటే తప్ప విడదీయలేం. భార్యలు చనిపోయి మళ్లీ పెళ్లి చేసుకోవడం ఎక్కువ కాబట్టి, మీ గీతలోని బిడ్డ మొదటి భార్య బిడ్డా రెండో భార్య బిడ్డా అన్నదీ తేల్చాలి.

దక్షిణాది కాలనీల్లో హెడ్‌రైట్ పట్టీలు చూడండి. వర్జీనియాకు ఒక మనిషిని తెచ్చినందుకు 50 ఎకరాల చొప్పున భూమి ఇచ్చేవారు, ఆ లెక్కలో వచ్చినవాళ్ల పేర్లుంటాయి. 1635లో జార్జ్ మెనిఫీ అనే అతను తెచ్చినవాళ్ల పట్టీలో టోనీ, ఈస్ట్ ఇండియన్ అని ఒక పేరుంది. అమెరికా రికార్డుల్లో కనిపించే తొలి భారతీయుల్లో అతనొకడు. వలస కాలపు పూర్వీకులు అనగానే కళ్లముందు మెదిలే బొమ్మలో అతను ఎవరికీ కనపడడు.

సేవ అంటే తుపాకీ పట్టడమే కాదు

పూర్వీకుడు ఆ కాలంలో బతికి ఉంటే చాలదు, ఏదో చేసి ఉండాలి. డీఏఆర్ దగ్గర సైనిక సేవతోపాటు పౌర సేవ, దేశభక్తి సేవ అని ఉన్నాయి. సైన్యానికి ధాన్యం, గుర్రాలు ఇచ్చినవాళ్లు, విధేయతా ప్రమాణం మీద సంతకం పెట్టినవాళ్లు, యుద్ధ కాలంలో ఊరి పదవిలో ఉన్నవాళ్లు లెక్కకొస్తారు. ఆడవాళ్లు కూడా దేశభక్తులుగా నమోదై ఉన్నారు. నల్లవాళ్లు, అమెరికా ఆదివాసులు వేలమంది ఉన్నారని డీఏఆరే పరిశోధించి పుస్తకం వేసింది. కలోనియల్ సంఘాలకైతే శాసనసభ సభ్యత్వం, మిలిషియా ఉద్యోగం, న్యాయాధికారం, ఊరి పెద్దరికం, చర్చి బోధకుడి పని వంటివి చూపిస్తారు. ఆమోదించే సేవల జాబితా ప్రతి సంఘానికీ వేరు కాబట్టి, పూర్వీకుడు దొరికాక ఆ జాబితా అడిగి తీసుకోండి. 1675, 76లలో న్యూ ఇంగ్లండ్‌లో వలసవాళ్లకూ ఆదివాసులకూ మధ్య జరిగిన కింగ్ ఫిలిప్ యుద్ధం సైనికుల జీతాల లెక్కలు మిగిలున్నాయి. చాలామందికి సేవ రుజువు అక్కడే దొరుకుతుంది.

చాప్టర్‌తో మాటలు

ఇంత పనీ ఇంట్లోనే ముగించి వెళ్లక్కర్లేదు. నాలుగైదు తరాలు తేలగానే చాప్టర్‌కి రాయడం మంచిది. డీఏఆర్‌లో చాప్టర్ పెద్దను రీజెంట్ అంటారు, వంశ కాగితాలు చూసేది రిజిస్ట్రార్. ఆ రిజిస్ట్రార్లలో పాతికేళ్లుగా ఈ పని చేస్తున్నవాళ్లుంటారు. మీకు నెల పట్టేది వాళ్లు సాయంత్రానికి తేల్చగలరు, డబ్బూ తీసుకోరు. రాసేటప్పుడు పిల్ల తానే రాయాలి. చేరేది ఆమె. ఇంట్లో ఏం చెప్పుకుంటారో కాకుండా, ఇంతవరకు ఏ తరానికి ఏ కాగితం ఉందో ఒక పేజీలో పెట్టి పంపితే జవాబు త్వరగా వస్తుంది.

సంతకం పెట్టకముందు రెండు మూడు సమావేశాలకు అతిథిగా వెళ్లమనండి. కొన్ని చాప్టర్లు పనిరోజు పొద్దున్నే కలుస్తాయి, ఉద్యోగం చేసే అమ్మాయికి అది కుదరదు. శనివారమో సాయంత్రమో కలిసేవి వెతుక్కోవాలి. కొన్ని చాప్టర్లలో స్కాలర్‌షిప్పులు, పాత సైనికులకు సాయం, సమాధుల సంరక్షణ జోరుగా సాగుతాయి. కొన్నిట్లో టీ పార్టీయే ముఖ్యం. డేమ్స్ సంఘాల్లో చాలావాటికి పాత ఇళ్ల మ్యూజియంలున్నాయి. న్యూయార్క్‌లోని మౌంట్ వెర్నన్ హోటల్ మ్యూజియం అలాంటిదే. అక్కడ స్వచ్ఛందంగా పనిచేస్తే సభ్యులతో పరిచయం దానంతటదే పెరుగుతుంది. నన్ను పిలవండి అని అడగడం కంటే అది మర్యాదైన దారి.

చరిత్ర సంగతి దాచుకోనక్కర్లేదు. 1939లో నల్లజాతి గాయని మేరియన్ ఆండర్సన్‌ను తన కాన్‌స్టిట్యూషన్ హాల్లో పాడనివ్వలేదు డీఏఆర్. అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ సభ్యత్వానికి రాజీనామా చేశారు. ఏప్రిల్ 9న లింకన్ స్మారకం మెట్ల మీద ఆండర్సన్ పాడితే డెబ్బై ఐదు వేలమంది విన్నారు. కరెన్ బాచెలర్ ఫార్మర్ 1977లో నల్లజాతి సభ్యురాలిగా చేరడం దేశవ్యాప్త వార్త అయింది. నేడు జాతి, మతం అడ్డు కావన్నది డీఏఆర్ అర్హత నియమాల్లోనే ఉంది. అయినా ప్రతి చాప్టర్ గాలి ఒకేలా ఉండదు. చామనఛాయ మొహంతో, తెలుగు ఇంటిపేరుతో లోపలికెళ్లే మీ పిల్లను అక్కడివాళ్లు ఎలా పలకరిస్తారో ఆమే చూసుకుని నిర్ణయించుకోవాలి. ఒక చాప్టర్ నచ్చకపోతే పక్క ఊరి చాప్టర్ ఉంది.

దరఖాస్తు

ఫారంలో ఒక్కో తరానికి ఒక్కో గడి: పేర్లు, పుట్టిన, పెళ్లయిన, పోయిన తేదీలు, ఊళ్లు, వాటికి ఆధారం. తెలియని తేదీని ఊహించి నింపకండి. రుజువు లేని ఒక్క తేదీ అనవసర ప్రశ్న తెస్తుంది. ప్రతి కాగితం మీదా, అది ఏ తరానికి చెందిందో ఆ తరం సంఖ్య రాసి, సంబంధం చెప్పే వాక్యం కింద గీత గీయండి. అసలు పత్రాలు ఎప్పుడూ పంపొద్దు, నకళ్లే పంపాలి.

డీఏఆర్‌లో చాప్టర్ సభ్యులిద్దరు బలపరుస్తూ సంతకం చేస్తారు. చాప్టర్ ఆమోదించాక రుసుముతో వాషింగ్టన్ వెళుతుంది. అక్కడి వంశ పరిశోధకులు ప్రతి లింకూ సరిచూస్తారు. అనుమానం వస్తే మరింత రుజువు అడుగుతూ ఉత్తరం వస్తుంది. అది తిరస్కారం కాదు, ఏ తరం దగ్గర ఏం తక్కువైందో చెప్పే సాయం. వచ్చిన వెంటనే రిజిస్ట్రార్‌కి చూపించండి, గడువు కూడా ఉంటుంది. అన్నీ సరిపోతే జాతీయ బోర్డు సమావేశంలో ఆమోదమై సభ్యత్వ సంఖ్య వస్తుంది. ఏటా కట్టే చందాలో జాతీయ, రాష్ట్ర, చాప్టర్ వాటాలు మూడుంటాయి కాబట్టి మొత్తం ఎంతో ముందే అడగండి. పతకాలు, పిన్నులు కొనడం తప్పనిసరి కాదు, వాటి ధర చూశాక ఆ సంగతి సంతోషం కలిగిస్తుంది.

సభ్యత్వం వచ్చాక అదే గీతను ఇంకో రెండు మూడు తరాలు వెనక్కి లాగితే కలోనియల్ సంఘానికి దరఖాస్తు తయారవుతుంది. మరో పూర్వీకుడు దొరికితే డీఏఆర్‌లోనే అనుబంధ దరఖాస్తు వేసుకోవచ్చు.

మనవరాలికి ఇంకా 18 రాకపోయినా, మనవడికి ఆసక్తి ఉన్నా 1895లో మొదలైన చిల్డ్రన్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్ ఉంది. పుట్టిన బిడ్డ నుంచి 22 ఏళ్ల లోపువాళ్ల దాకా, ఆడామగా ఇద్దరికీ. కోడలు ముందు డీఏఆర్‌లో చేరితే పిల్లల కాగితాలకు దాదాపు పనే ఉండదు: తల్లి సభ్యత్వ సంఖ్య, పిల్లల లాంగ్ ఫారం బర్త్ సర్టిఫికెట్లు. మనవడు పెద్దయ్యాక అవే నకళ్లతో 1889లో పుట్టిన మగవాళ్ల సంఘం, సన్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్‌కి వెళ్లొచ్చు. కాబట్టి ఏ సర్టిఫికెట్ తెప్పించినా రెండు ప్రతులు తెప్పించండి.